కూలీ లెక్క చెప్పని ఫ్యాషన్ చదువు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో చీరకన్నా జాకెట్టుకే ఎక్కువ ఖర్చవుతోంది. వీపు మీద నెమలి, చేతుల మీద పల్లకి, మెడ చుట్టూ కుందన్ తీగ. పెద్ద బొటిక్‌లో కుట్టిస్తే దానికి బిల్లిస్తారు. అందులో గుడ్డ ధర ఉంటుంది, డిజైన్ చార్జీ ఉంటుంది, పన్ను ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన దుస్తుల మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తున్నారు. ఆ 18 శాతం ఏ ఖాతాకు చేరాలో పైసాతో సహా లెక్క ఉంది. నెమలిని కుట్టిన చేతికి ఎంత ముట్టిందో మాత్రం ఆ బిల్లులో లేదు. కార్మిక శాఖ దస్త్రాల్లో వెతికినా దొరకదు. సుస్థిర ఫ్యాషన్ నేర్పుతున్నామని చెప్పుకునే కళాశాలల తరగతి గదుల్లోనూ దాని ఊసు లేదు. అన్ని చోట్లా ఒకే అంకె మాయమవుతోందంటే దాన్ని మాయం చేయడం వల్ల ఎవరికో లాభం ఉంది. ఆ లాభంలో వాటా ఉన్నవాళ్లందరి మీదా ఈ అభియోగం. కొనుక్కుని తొడుక్కునే మనమూ అందులో ఉన్నాం.

ఆ నెమలి పుట్టే చోటు చూద్దాం. కార్వాన్, టప్పాచబుత్రా, కుల్సుంపురా గల్లీలు, పురానాపూల్ దాటితే పాతబస్తీ పొడవునా ఉన్న మొహల్లాలు. ఒక్క గది. మధ్యలో నాలుగు చెక్కలతో బిగించిన అడ్డా, దాని మీద డోలు తోలులా లాగి కట్టిన పట్టు గుడ్డ. డిజైన్‌ను బటర్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో సన్నగా పొడుస్తారు. దాన్ని ఖాకా అంటారు. ఖాకాను గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డ ముద్దతో రుద్దితే చుక్కలు చుక్కలుగా నెమలి దిగుతుంది. ఇక ఆరీ పని. కొక్కెం ఉన్న సూదిని కుడిచేత్తో పైనుంచి దించాలి, గుడ్డ అడుగున ఎడమచెయ్యి దారాన్ని అందించాలి. ఆ చెయ్యి కంటికి కనిపించదు, వేళ్లకు తెలియాలి. జర్దోసీ అయితే దబ్కా తీగను వడ్లగింజంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనూ సూదికి గుచ్చి, పక్క ముక్కకు ఆనించి కుట్టాలి. ఒక ఈక నిండాలంటే ఇలాంటి ముక్కలు వందల్లో పడతాయి. మెడ వంచి, కాళ్లు మడిచి, గంటల తరబడి నేల మీదే. ముందు పోయేది చూపు, తర్వాత నడుము.

పెద్ద కార్ఖానాల్లో ఈ అడ్డాల మీద ఎక్కువగా బెంగాల్, బిహార్, ఉత్తర్‌ప్రదేశ్ నుంచి వచ్చిన మగ కారీగర్లు కూర్చుంటారు. ఇళ్లలో ఆడవాళ్లు. వాళ్లకు పని తెచ్చేది ఠేకేదారు. గుడ్డ, పూసలు, చమ్కీలు ఒక సంచిలో కట్టి ఇస్తాడు. పని అయ్యాక తీసుకెళ్తాడు. కూలీ ముక్కకు ఇంతని. పూస ఊడితే కోత. బొటిక్ వాళ్లకు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టాలి, ఆ రెండో పనికి డబ్బు ఉండదు. బొటిక్ పేరు కుట్టినామెకు తెలియదు, కుట్టినామె పేరు బొటిక్‌కు తెలియదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వాట్సాప్ వీడియోలో రంగులు ఎంచుకుని ఆర్డరిచ్చిన మన తెలుగు పెళ్లికూతురికి అసలే తెలియదు.

ఈ కార్వాన్‌కు వ్యాపారం కొత్త కాదు. గోల్కొండ కోటకూ హైదరాబాద్‌కూ మధ్య బిడారులు దిగిన చోటు ఇది. కుతుబ్‌షాహీల కాలంలో సాహుకార్లు, వజ్రాల వర్తకులు ఇక్కడ కాపురమున్నారు. 1671లో మూసాఖాన్ కట్టించిన టోలీ మసీదు సున్నపు నగిషీ ఆ సంపదకు ఇప్పటికీ సాక్ష్యం. అదే రాజ్యంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు బట్ట పర్షియాకూ ఐరోపాకూ వెళ్లేది. కృష్ణా డెల్టాలో తవ్విన చిరివేరుతో ఎక్కించిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. మన అద్దకాల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసుకుంది. అంతటి బట్టను తయారుచేసిన నేతగాడికీ అద్దకందారుకూ చేతికి వచ్చింది మాత్రం బయానా. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లిషు కంపెనీ దళారుల ద్వారా ముందు డబ్బు ఇచ్చి, పనివాణ్ని బాకీలో కట్టేసి, చౌకగా బట్ట లాక్కుంది. వజ్రాలూ వెళ్లిపోయాయి, కంపెనీ కూడా వెళ్లిపోయింది. బయానా ఇచ్చి మనిషిని కట్టేసే పద్ధతి ఇంకా పోలేదు. ఠేకేదారు దగ్గర పిల్లాడి జబ్బుకు తెచ్చుకున్న అప్పు తీరేదాకా వేరే చోట పని పట్టుకోలేని స్త్రీ ఈ రోజు కూడా ఆ పద్ధతిలోనే బతుకుతోంది.

ఇప్పుడు చదువు సంగతికి వద్దాం. ఢిల్లీలో 1986లో మొదలైన జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, నిఫ్ట్, 1995లో హైదరాబాద్‌కు వచ్చింది. మాదాపూర్‌లోని ఆ ప్రాంగణం నుంచి ఎందరో ప్రతిభావంతులు బయటికొచ్చారు. క్రాఫ్ట్ క్లస్టర్ కార్యక్రమం కింద దాని విద్యార్థులు నేత గ్రామాలకు, అద్దకం ఊళ్లకు వెళ్లి చేతిపనుల్ని నమోదు చేస్తారు. అది మంచి పనే, మెచ్చుకోవాలి. దాని చుట్టూ ప్రైవేటు డిజైన్ కళాశాలలు డజన్ల కొద్దీ వెలిశాయి. ఏటా లక్షల్లో ఫీజులు. అన్నిట్లోనూ ఈ మధ్య తప్పనిసరిగా వినిపించే మాటలు సుస్థిరత, స్లో ఫ్యాషన్, జీరో వేస్ట్. ఒక టీషర్టు ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతుందో పిల్లలు గడగడా చెబుతారు. సేంద్రియ పత్తి ధ్రువపత్రాల పేర్లు చెబుతారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయిన సంగతి స్లైడ్లలో చూపిస్తారు. నా బట్టలు కుట్టిందెవరు అని అడగమని ప్రపంచమంతా ఆ తర్వాత లేచిన ఉద్యమం గురించీ చెబుతారు.

అదే ప్రశ్న తమ డిగ్రీ ప్రదర్శనలో నడిచిన లెహంగా గురించి ఎందరు అడిగారు? ర్యాంప్ మీదికి వెళ్లే ఆ బట్ట మీది జర్దోసీలో ఎంతో భాగం విద్యార్థి చేత్తో కుట్టింది కాదు. పాతబస్తీలో ఒక ఉస్తాద్‌కు ఇచ్చి, గడువు దగ్గరపడిందని తొందరపెట్టి, బేరమాడి చేయించింది. మార్కులు విద్యార్థివి, ఫొటో విద్యార్థిది. తన పనితనమంతా పోసిన ఉస్తాద్‌కు ప్రదర్శన చీటీలో ఒక పంక్తి కూడా ఉండదు. సుస్థిరత గురించి మూడు నాలుగేళ్లు చదివిన చదువు చివరి పరీక్షలో ఇలా ప్రవర్తిస్తే, ఆ పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు నేర్పింది అదే. కాస్టింగ్ పాఠంలో జాబ్‌వర్క్ అనే ఒక్క గడిలోకి కుట్టుపని మొత్తాన్నీ తోసేసి, దాన్ని ఎంత తగ్గించుకుంటే అంత నేర్పరితనమని నూరిపోశాక, పక్క పీరియడ్‌లో నైతికత చెబితే ఎవరి చెవికెక్కుతుంది?

పరిశ్రమ తీరూ ఇదే. 2019 ఆగస్టులో ముంబయి లాక్మే ఫ్యాషన్ వీక్‌లో కేంద్ర జౌళి మంత్రి సమక్షంలో పెద్ద బ్రాండ్లు ‘సూర్’ పేరిట ఒక తీర్మానం మీద సంతకాలు పెట్టాయి. 2025 నాటికి పర్యావరణానికి హాని చేయని ముడిసరుకు వాడకం బాగా పెంచుతామన్నది దాని గుండెకాయ. నారకు గడువు పెట్టారు. నారను అలంకరించే మనిషి కూలీకి మాత్రం అలాంటి గడువేదీ పెట్టలేదు. అంతకుముందు 2016లో కెరింగ్, ఎల్‌వీఎంహెచ్ లాంటి ఐరోపా విలాస సంస్థలు ముంబయి ఎంబ్రాయిడరీ కార్ఖానాల కోసం ‘ఉత్థాన్’ అనే ఒప్పందం చేసుకున్నాయి. నాలుగేళ్ల తర్వాత, 2020 మార్చిలో, న్యూయార్క్ టైమ్స్ విలేకరులు వెళ్లి చూస్తే, పని కింది ఠేకాల్లోకి జారిపోయిన చోట కారీగర్లు కుట్టే గదిలోనే పడుకుంటున్నారు, వైద్యమూ భద్రతా లేవు. పై అంతస్తులో సంతకాలు పెడితే కింది గదిలో జీవితం దానంతటదే మారిపోదని ఆ కథనం చూపింది. మన నగరంలో అలాంటి సంతకం పెట్టించినవాళ్లు కూడా లేరు.

దేశమంతటా ఇళ్లలో కూర్చుని బట్టల పని చేసేవారి మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ, 2019లో ఒక నివేదిక ప్రచురించింది. పరిశోధకుడు సిద్ధార్థ్ కారా. మాట్లాడింది 1,452 మందితో, దాదాపు అందరూ స్త్రీలు, బాలికలు. సగటున గంటకు వాళ్లకు దక్కింది 15 అమెరికన్ సెంట్లు. అప్పటి మారకం రేటులో పది రూపాయలకు కాస్త అటూఇటూ. రాతపూర్వకమైన ఒప్పందం ఒక్కరికీ లేదు. ఏ సంఘంలోనూ ఒక్కరూ సభ్యులు కారు. దాదాపు అందరూ ముస్లింలో, అణగారిన కులాలవాళ్లో. ఈ దేశంలో ఎవరి వేలికి సూది గుచ్చుకుంటోందో ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. కార్వాన్‌లో అడ్డా ముందు కూర్చున్న స్త్రీని ఈ లెక్కలోంచి వేరు చేసే కారణమేదీ మాకు కనిపించడం లేదు.

ఇంట్లో కూర్చుని కుట్టి ఇచ్చేవాళ్లకు చట్టం లేదని బొటిక్ యజమానులు, కొందరు అధికారులూ అంటుంటారు. ఈ మాటను గట్టిగా తోసిపుచ్చాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టమే ఉద్యోగి నిర్వచనంలో, ఎవరో ఇచ్చిన సరుకును తన ఇంట్లో కూర్చుని కుట్టి, అలంకరించి, ముగింపు పని చేసి ఇచ్చేవారిని చేర్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే చట్టం రాసినవాళ్లకు ఈ స్త్రీ కనిపించింది. ముక్కకు ఇంతని కూలీ ఇచ్చేచోట కూడా, గంట లెక్కన నిర్ణయించిన కనీస వేతనం కన్నా తగ్గకూడదని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది.

ఇంకో సంగతి కూడా ఈ ప్రాంతంవాళ్లందరికీ తెలిసి ఉండాల్సింది, ముఖ్యంగా ఫ్యాషన్ విద్యార్థులకు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. తెలంగాణ ప్రాంతానికి వర్తించిన 1951 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1973 సెప్టెంబరు 25న తీర్పు చెప్పింది. దర్జీలకు జీతాల్లేవు, ముక్కకు కూలీ. ఫలానా వేళకు రావాలన్న కట్టడి లేదు. కొందరు గుడ్డ ఇంటికి పట్టుకెళ్లి కుట్టేవాళ్లు. కాబట్టి వీళ్లు మా ఉద్యోగులు కారని దుకాణందార్ల వాదన. జస్టిస్ మాథ్యూ రాసిన తీర్పు ఆ వాదనను కొట్టేసింది. చెప్పినట్టు కుట్టకపోతే బట్టను తిప్పికొట్టి మళ్లీ కుట్టించే హక్కు దుకాణందారుకు ఉందంటే, పని మీద అదుపు అతనిదే, కాబట్టి కుట్టేవాళ్లు అతని ఉద్యోగులేనని తేల్చింది. ఇప్పుడు కార్వాన్ గదిలోకి తిరిగి చూడండి. నెమలి మెడ వంపు నచ్చలేదని విప్పించి కుట్టించే అధికారం ఎవరిది? ఆ అధికారాన్ని రోజూ వాడుకుంటూ, కూలీ మాట వచ్చేసరికి ఆమె ఎవరో మాకు తెలియదని చెప్పడం ఆ తీర్పు స్ఫూర్తికే విరుద్ధం. యాభై ఏళ్లు దాటిన ఈ తీర్పు ఇక్కడి కుట్టు దుకాణాల్లోంచే పుట్టింది. దీన్ని డిజైన్ కళాశాలల్లో మొదటి ఏడాదే చెప్పాలి. డిజైనర్ కాబోయే ప్రతివాడూ రేపు ఎవరికో ఒకరికి యజమాని అవుతాడు కనుక ఇది అతనికి ఎలాగూ కావలసిన చదువు.

కొత్త చట్టాలు ఈ విషయంలో ముందుకు తీసుకెళ్లాయా అంటే, సగమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో వేతనాల కోడ్ కనీస వేతనాన్ని అన్ని రంగాలకూ వర్తింపజేసింది. అది మేలే. కానీ ఇంటి దగ్గర పనిచేసి ఇచ్చేవారి ప్రస్తావన ఉద్యోగి నిర్వచనంలోంచి జారిపోయింది. సామాజిక భద్రత కోడ్ వారిని విడిగా నిర్వచించి అసంఘటిత రంగంలో కలిపింది. అంటే సంక్షేమ పథకాల కోసం ఆమె కార్మికురాలు, వేతనం అడిగేసరికి ఎవరూ కాదు. ఇంటి దగ్గర చేసి ఇచ్చే పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ఆ ఒడంబడిక కోసం ప్రపంచ వేదిక మీద పోరాడినవాళ్లలో అహ్మదాబాద్ మహిళా కార్మిక సంఘం ‘సేవా’ స్త్రీలు ముందున్నారు. వాళ్ల దేశమే వెనకబడింది.

రాష్ట్ర ప్రభుత్వం సాకులు చెప్పడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చుని ముక్క కూలీకి పనిచేసే స్త్రీని గుర్తించడం ఎలాగో తెలంగాణకు బాగా తెలుసు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో బీడీలు చుట్టే లక్షల మందికి 1966లోనే చట్టం వచ్చింది, వెయ్యి బీడీలకు ఇంతని ప్రకటించిన రేటు ఉంది, గుర్తింపు కార్డు ఉంది, భవిష్యనిధి ఉంది. ఆసరా కింద బీడీ కార్మికులకు పింఛను కూడా ఇచ్చింది ఈ రాష్ట్రమే. అవన్నీ దయతో రాలేదు, దశాబ్దాల పాటు ఆ స్త్రీలు సమ్మెలు చేసి, కలెక్టరేట్ల ముందు కూర్చుని తెచ్చుకున్నారు. నేతన్నలకు 2022 ఆగస్టు 7న ఐదు లక్షల రూపాయల బీమా మొదలైంది. అదీ న్యాయమే. ఆ నేతన్న నేసిన పట్టు మీద సూది పెట్టే కార్వాన్ స్త్రీకి అందులో చోటు లేదు. ఆమె చేనేత కాదు, బీడీ కాదు, ఫ్యాక్టరీ కార్మికురాలు కాదు. అన్ని జాబితాల అంచుల మధ్య ఆమె జారిపోయింది. కేంద్రం ఇచ్చే ‘పెహచాన్’ కార్డు చేతివృత్తివారిగా గుర్తిస్తుంది, కూలీ గురించి అది మాట్లాడదు. 2020 జులై, ఆగస్టు నెలల్లో అఖిల భారత చేనేత బోర్డునూ, హస్తకళల బోర్డునూ వారం వ్యవధిలో రద్దు చేసి, గోడు చెప్పుకునే వేదికను కూడా కేంద్రం తీసేసింది. ఇక కనీస వేతనాల సవరణ అంటారా, 2021లో ఐదు రంగాలకు రాష్ట్రం ఇచ్చిన జీవోలు గెజిట్‌కెక్కకుండా ఏళ్లు గడిచాయి.

ఈ పనిలో పిల్లల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోలేం, అయినా చెప్పకుండా పోలేం. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లోంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. లాక్ గాజుల మీద రాళ్లు అతికించే పని. అప్పుడు నగరం రెండు రోజులు ఉలిక్కిపడింది. గాజు మీద రాయికీ జాకెట్టు మీద రాయికీ మధ్య తేడా ఏమీ లేదు. లెక్క లేని చోట వయసు లెక్క కూడా ఉండదు.

పర్యావరణం మాటకూ వద్దాం, ఎందుకంటే సుస్థిరత అంటే అదేనని కళాశాలల నమ్మకం. ఆ నమ్మకాన్నయినా సరిగ్గా పాటించారా? ఒకప్పటి జరీలో వెండి ఉండేది. పాత పట్టుచీరలు కొంటాం అంటూ వీధుల్లో తిరిగేవాళ్లు అందుకే వచ్చేవారు, చీర చిరిగినా జరీ కరిగి వెండి చేతికొచ్చేది. ఇప్పటి చౌక జరీ లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర. చమ్కీలు ప్లాస్టిక్, పూసల్లో చాలావరకు ప్లాస్టిక్, కుందన్ జిగురుతో అతికించింది, లోపల కాన్వాస్, అడుగున పాలిస్టర్ లైనింగ్. ఇన్ని పదార్థాల్ని పట్టు మీద ఒకటిగా కుట్టేశాక ఎవరూ విడదీయలేరు. కరగదు, కుళ్లదు, ఇంకొకరికి సరిపోదు. రెండు పెళ్లిళ్లకు తొడిగి బీరువాలో పెట్టిన జాకెట్టు చివరికి వెళ్లేది చెత్తకుప్పకే. పెళ్లి ఆహ్వానపత్రిక విత్తన కాగితం మీద అచ్చువేయించి, ఆకు విస్తళ్లలో భోజనం పెట్టి, పచ్చని పెళ్లి అని చెప్పుకునే కుటుంబాలు కూడా ఈ జాకెట్టు సంగతి మాత్రం ఎత్తవు. తక్కువ కూలీకి దొరుకుతోంది కనుకే ఇంత దట్టంగా, ఇంత చెత్త సరుకుతో, ఒక్క పూట కోసం కుట్టిస్తున్నాం. చెయ్యి ఖరీదు న్యాయంగా కట్టిన రోజున ఎవరూ ప్లాస్టిక్ మీద ఆ చేతిని వృథా చేయరు, మంచి జరీతో కొద్దిగా కుట్టించి పదేళ్లు దాచుకుంటారు. కూలీనీ పర్యావరణాన్నీ రెండు వేర్వేరు పాఠాలుగా చెప్పేవాళ్లు ఈ ముడిని చూడటం లేదు.

వేరేలా చేయవచ్చని చూపినవాళ్లు ఈ నగరంలోనే ఉన్నారు. గోల్కొండకు అవతల దర్గా హుస్సేన్‌షావలీ దగ్గర సురయ్యా హసన్ బోస్ ఒక నేతశాల నడిపారు. దక్కను నుంచి మాయమవుతున్న హిమ్రూ, మష్రూ, జామావార్ నేతల్ని తిరిగి మగ్గమెక్కించారు. ఆ మగ్గాల ముందు కూర్చోబెట్టింది ఎవరిని? భర్తలు పోయిన, ఆదరువు లేని స్త్రీలను. వాళ్లకు ఓపికగా నేర్పించి, నెలనెలా బతుకుదెరువు చూపారు. పక్కనే పిల్లల బడి. 2021లో ఆమె 93వ ఏట కన్నుమూశారు. మష్రూలో పట్టు పైకి కనిపిస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. ఆ నేత కుదరాలంటే ఎంత సమయం పడుతుందో ఆమెకు తెలుసు, ఆ సమయానికి డబ్బు చెల్లించాలనీ తెలుసు. ఉజ్రమ్మ చొరవతో మొదలైన మల్కా అనే చేనేత ప్రయత్నం కూడా పత్తి రైతు, వడికేవాళ్లు, నేసేవాళ్లు ఒకే గొలుసులో బతకాలన్న ఆలోచనే. ఇవి చిన్న ప్రయత్నాలు, నగరమంతటికీ సరిపోవు, నిజమే. కానీ కూలీ లెక్క తేల్చడం సాధ్యం కాదనేవాళ్లకు ఇవి జవాబు.

మా డిమాండ్లు దాపరికం లేనివి. డిజైన్ చదివే ప్రతి విద్యార్థీ తను గీసిన బొమ్మను ఒక ఉస్తాద్ పక్కన కూర్చుని, గడియారం ముందు పెట్టుకుని, కుట్టించి చూడాలి. ఒక చేతి మీది పనికి పద్దెనిమిది గంటలు పట్టిందనుకుందాం, ముక్కకు ఇచ్చింది తొమ్మిది వందలనుకుందాం. గంటకు యాభై. ఎనిమిది గంటల రోజుకు నాలుగు వందలు, దారం ఖర్చు ఆమెదే అయితే అంతకన్నా తక్కువ. ఈ భాగహారం రాని వాడికి సుస్థిరతలో మార్కులు వేయకూడదు. ఉస్తాద్‌ను కళాశాలకు పిలిచి శాలువా కప్పి పంపడం ఇక చాలు. ఆయన్ను, ఆ స్త్రీని అధ్యాపకులుగా తీసుకుని, గంటకు అధ్యాపకుల రేటు ఇవ్వాలి. డిగ్రీలు లేవనే అడ్డు చెబితే, ఆరీ పట్టడం వచ్చిన పట్టభద్రుణ్ని ఆ కళాశాలే చూపించాలి. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. అందులో సూది పనికీ ఒక విభాగం పెట్టి, పాతబస్తీ అమ్మాయిలకు సీట్లు కేటాయించడానికి ప్రభుత్వానికి ఏ కోర్టూ అడ్డు రాదు.

బొటిక్ బిల్లులో పన్ను పంక్తి పక్కనే చేతిపని కూలీ పంక్తి ఉండాలి. పని ఎన్ని గంటలు, ఎంత చెల్లించారు. దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, కొనేవాళ్లు అడిగితే వ్యాపారి రాస్తాడు. లక్ష రూపాయల లెహంగా బేరమాడకుండా కొని, ఫాల్ కుట్టే ఆమె దగ్గర యాభై తగ్గించమనే అలవాటు మన ఇళ్లలో ఉంది. సంపాదకీయం చదివే ఇళ్లలోనే ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం ఆరీ, జర్దోసీ పనులకు గంటల లెక్కన ముక్క రేట్లు నిర్ణయించి ప్రకటించాలి, బీడీలకు చేసినట్టే. ఇచ్చిన సరుకు, తీసుకున్న పని, చెల్లించిన డబ్బు రాసిన చిన్న పుస్తకం ఠేకేదారు ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఆ పుస్తకం లేకుండా పని ఇచ్చిన బొటిక్ మీదే జరిమానా పడాలి, ఠేకేదారు మీద కాదు. ఠేకేదారు కూడా చాలాసార్లు నిన్నటి కారీగరే. ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదుకు, గుర్తింపు కార్డులకు, ఫిర్యాదులకు కార్మిక శాఖ శిబిరాలు పెట్టాలి. మొదటిది కార్వాన్‌లో పెట్టాలి. ఉర్దూ వచ్చిన మహిళా సిబ్బందితో పెట్టాలి. పొద్దుగుంకాక పెట్టాలి, పగటి వెలుగు ఉన్నంతసేపు ఆ స్త్రీలు అడ్డా వదిలి రాలేరు.